వేలూరి చికిత్స - మన తాలూకాల రోగులు

ప్రజల ధనముతో సాధించిన విద్య ప్రజల యింటికి రానిచో, ఆ విద్య సగమే ఫలించినదని మా యభిప్రాయము. రాయవేలూరి క్రైస్తవ వైద్య కళాశాలయందు చిరకాలము రక్తవ్యాధులపై పరిశోధన సల్పిన ఆచార్య అలోక్ శ్రీవాస్తవగారును, వారి సహచరులును 2024 డిసెంబరులో ప్రకటించిన ఫలితములు ఈ ప్రశ్నను మన ముందుంచినవి. మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములవారికి వేలూరు క్రొత్త యూరు గాదు. పెద్ద జబ్బు చేసినపుడు అప్పో సప్పో చేసి అచ్చటికి బోవుట మన కుటుంబములకు అలవాటే. కావున అచ్చట జరిగిన పని మనకు పరాయి వార్త కాదు.

హిమోఫీలియా పుట్టుకతో వచ్చు వ్యాధి. ఇందు ముఖ్యమైన రకమున, రక్తము గడ్డకట్టుటకు వలసిన 'ఫాక్టరు ఎనిమిది' యను పదార్థము శరీరమున చాలినంత తయారు కాదు. సుమారు 5000 మంది మగశిశువులలో నొకనికి ఈ లోపముండునని అంచనా. వ్యాధి తీవ్రమైనచో చిన్న దెబ్బకే, ఒక్కొక్కప్పుడు దెబ్బ లేకయే, మోకాళ్లలో మోచేతులలో రక్తము చేరి కీళ్లు చెడిపోవును. పలకల గనులలోను, మెట్టపొలములలోను కాయకష్టముచేసి బ్రతుకు ఇండ్లలో ఇట్టి బాలుని పెంచుట యెంతటి భారమో వేరుగ జెప్పనక్కరలేదు.

వేలూరివారు చేసిన దేమి? లెంటివైరసు అను సూక్ష్మజీవిలో రోగము కలిగించు శక్తిని తీసివైచి, దానిని కేవలము మోతబండిగా వాడుకొనిరి. రోగి మూలకణములను వెలికిదీసి, లోపించిన జన్యువును ఆ వైరసుచే వానిలో జేర్చి, మరల ఆ రోగికే యెక్కించిరి. అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయమువారు ఇందు తోడ్పడిరి. 22 మొదలు 41 ఏండ్ల వయస్సుగల ఐదుగురికి ఈ చికిత్స జరిగెను. అందరిని గలిపి లెక్కించిన 81 నెలల పరిశీలనలో రక్తస్రావ మొక్కటియు నమోదు కాలేదు.

ఇది గొప్ప విజయమే. కాని ఐదుగురు ఐదుగురే. కణము లెక్కించుటకు ముందు మూలుగను ఖాళీచేయు తీవ్రమైన మందు నీయవలసియున్నది. 1999 లో అమెరికాలో జెస్సీ గెల్సింగరను 18 ఏండ్ల యువకుడు మరియొక రకపు వైరసు చికిత్సవలన మరణించెను. ఫ్రాన్సులో జన్యుచికిత్స పొందిన పిల్లలలో కొందరికి పిదప రక్తక్యాన్సరు వచ్చెను. కావున ఏండ్ల తరబడి పరిశీలన అవసరము. తొందరపడి దీనిని సంజీవని యని చాటువారు రోగులకు మేలు చేయువారు కారు.

ఇక వెల మాట. ఈ వ్యాధికే 2023 లో అమెరికాలో అనుమతి పొందిన యొక వైరసు చికిత్సకు అప్పుడు ప్రకటించిన ధర 29 లక్షల డాలర్లు! మన తాలూకాలలో ఎన్ని ఇండ్లు అమ్మిన అంత సొమ్ము చేరును? వేలూరి పరిశోధనాకేంద్రమునకు భారత ప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖ ధనసహాయ మున్నది. అనగా ఉప్పు పప్పులు కొను ప్రతివాని పన్నును అందు గలదు. రేపు ఈ విద్య ఏ కంపెనీ చేతికైన పోవునెడల, ఒడంబడిక వ్రాయునాడే వెలకు హద్దు వ్రాయవలెను. సంతకము లైన పిదప న్యాయస్థానములలో వాదించి ప్రయోజనము లేదని వకీలు లెరుగుదురు.

అంతకంటె ముందు చేయవలసిన పని యొకటి గలదు. ఏ జన్యుచికిత్సయు చెడిపోయిన కీళ్లను బాగుచేయజాలదు. నేటి బాలుడు నడవగలిగి యున్ననే రేపటి చికిత్స వానికి నిండుగ నక్కరకు వచ్చును. హిమోఫీలియా రోగులను 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము గుర్తించినది. ఆ హక్కు కాగితమున నుండిన చాలదు. మార్కాపురము, గిద్దలూరు ప్రభుత్వ వైద్యశాలలలో ఫాక్టరు మందు ఎన్ని బుడ్లు గలదో దినదినము గోడమీద వ్రాసి చూపవలెనని మేము కోరుచున్నాము. రక్తపరీక్షకై జిల్లాలు దాటి పోనక్కరలేని యేర్పాటును జరుగవలెను.

పఠనాలయములకు వచ్చు సోదరులు ఈ రెండు కోరికలను మహజరుగా వ్రాసి అధికారులకు బంపవలెను. వేలూరి శాస్త్రజ్ఞులు తమ వంతు పని చేసిరి. మన వంతు ఇంకను మొదలు కాలేదు.