పరిశోధక విద్యార్థుల సహాధ్యయనము

డాక్టరు పట్టమునకై పరిశోధన చేయువారు తమలోఁ దాము కూడి చదువుకొనుట కాలహరణమని కొందఱు పెద్ద లాక్షేపించుచున్నారు. గురువుండఁగాఁ దోడివారితోఁ బనియేమని వారి వాదము. మేము దీని నంగీకరింపజాలము. తనకుఁ దెలియని సంగతిని గురువుకడ నొప్పుకొనుటకు శిష్యుఁడు జంకును, తోటివానికడ జంకఁడు.

1902లో స్విట్జర్లాండునందలి బెర్న్ నగరమున ఐన్‌స్టైను, హాబిక్టు, సొలొవీను అను మువ్వురు మిత్రులు చదువుల గోష్ఠి యొకటి యేర్పఱచుకొని, పరిహాసముగా దానికి ఒలింపియా అకాడమీ యని పేరిడిరి. హ్యూము, మాఖు మున్నగువారి గ్రంథములను గూడి చదివి వాదించుకొనిరి. ఐన్‌స్టైనునకు జూరిచ్ విశ్వవిద్యాలయపు డాక్టరు పట్టము 1905లో సిద్ధించినది. ఆ యేఁటనే వెలువడిన సాపేక్ష సిద్ధాంత వ్యాసము చివర నాతఁడు కృతజ్ఞత తెలిపినది యే యాచార్యునికిని గాదు. పేటెంటు కార్యాలయమునఁ దనతోఁ బనిచేయు మిత్రుఁడు బెస్సోకు.

మన దేశమున ఒక ప్రొఫెసరుకడ ఎనమండుగురు పరిశోధకులవఱకు నుండవచ్చునని యూనివర్సిటీ గ్రాంట్సు కమిషనువారి 2022 నాఁటి నిబంధనలు చెప్పినవి. ఆ యెనమండుగురును ఒకరి వ్రాఁత నొకరు చూడకయే యేండ్లు గడపిన నది యెవరి లోపము? కాఫీకిఁ గలియువారు ప్రకరణము చదువుటకుఁ గలియరాదా? ఒకరి భావము నొకరు దొంగిలింతురని భయపెట్టువారును గలరు. దొంగలకు వెఱచి యిల్లు కట్టుట మానుదుమా?

వారమున కొకపూఁట, ఒక గది, ఒకరి చిత్తుప్రతి, మొగమాటము లేని నలుగురు పాఠకులు: మేము కోరునది యింతియే. ఆ వేళయు ఇంటి బాధ్యతలుగల స్త్రీల కనువైనదిగా నుండవలెను. లేనిచో వారు మరల నొంటరులే యగుదురు.