బ్రేకు డిస్కులు, బాల్ జాయింట్లు

కిందటి సంచికలో కుళాయి వాషర్ల గురించి రాస్తే ఇద్దరు ముగ్గురు సోదరీమణులు "మా వారి చేత చేయించాం" అని సంతోషంగా చెప్పారు. ఆ ధైర్యంతో ఈసారి కారు జోలికి వస్తున్నాను. మనలో పాత బండ్లున్నవారు తక్కువేమీ కాదు. ఉగాది వేడుకనాడు హాలు బయట నిలిపినవి చూస్తేనే తెలుస్తుంది.

మాది 2004 నాటి మారుతి జెన్. ఆ మోడలు తయారీ 2006లోనే ఆగిపోయింది. పదిహేనేళ్ళు నిండాక 2019లో ఒకసారి, 2024లో మరోసారి రిజిస్ట్రేషను పొడిగించుకున్నాం. మొదటిసారి 600 రూపాయలున్న రుసుము 2022 ఏప్రిల్‌లో 5,000 అయింది. కాగితాలన్నీ సవ్యంగానే ఉన్నాయి. బండి మాత్రం సవ్యంగా లేదు. తిరుపతి వెళ్తూ పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగుతుంటే, బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగు గజగజ వణికింది. వెనక సీట్లో మా అత్తగారు గోవింద నామం అందుకున్నారు. తిరిగొచ్చాక ఇంకొకటి: హంపు ఎక్కి దిగితే ముందు ఎడమ చక్రం దగ్గర 'టక్'మని చప్పుడు.

ఇంట్లో సభ జరిగింది. "అమ్మేద్దాం నాన్నా" అన్నాడు మా అబ్బాయి. "కొన్నవాడు దీన్ని పూజగదిలో పెట్టుకుంటాడా? వాడూ పిల్లల్ని ఎక్కించుకుని ఆ ఘాటే దిగుతాడు" అంది మా ఆవిడ. సభ అక్కడితో ముగిసింది.

మొదట చూపించిన మెకానిక్కు ప్యాడ్లు మారిస్తే చాలన్నాడు. చప్పుడు సంగతి అడిగితే "ఏనూ ఆగల్ల సార్" అన్నాడు. బెంగుళూరులో పాతికేళ్ళుగా ఉంటున్నవాడికి ఆ మాట విలువ బాగా తెలుసు! మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మరొకతని దగ్గరికి వెళ్ళాను. అతను ఏమీ మాట్లాడకుండా ముందు చక్రం విప్పాడు.

టన్ను బరువున్న బండి మూడువందల మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగితే పుట్టే శక్తి, తొమ్మిది లీటర్ల చన్నీళ్ళను మరిగించడానికి సరిపోతుంది. గేరులో ఉంచి దిగితే కొంత ఇంజను భరిస్తుంది. న్యూట్రల్‌లో వేసి పెట్రోలు మిగులుద్దామనుకునే మహానుభావుల బండిలో ఆ భారం దాదాపు అంతా బ్రేకుల మీదే. ఘాటు దిగేటప్పుడు రెండో గేరు అని పెద్దలు ఊరికే చెప్పలేదు.

స్టీరింగు వణికితే 'డిస్కు వంగింది' అంటారు. నిజానికి చాలాసార్లు అది వంగదు. చుట్టూ ఒకే మందం ఉండాల్సింది ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది. వెంట్రుకవాసి తేడా చాలు, చేతికి తెలుస్తుంది. లేతు మీద చెక్కించవచ్చు గాని, ఎంతవరకు అరగవచ్చో చాలా డిస్కుల మీద 'మిన్ టీహెచ్' అని అచ్చుపోసి ఉంటుంది. మా డిస్కులను కొలిపించి చూస్తే అప్పటికే ఆ హద్దు దాటాయి. ఇక చెక్కడానికి ఏముంది? పలచని డిస్కు త్వరగా కాగుతుంది, పగలనూ వచ్చు. డిస్కులు ఎప్పుడూ జంటగానే మార్చాలి. ఒక్కటే మారిస్తే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగవచ్చు.

వణుకు కంటే నన్ను భయపెట్టింది ఆ 'టక్' శబ్దం. బాల్ జాయింటు మన తుంటి కీలు లాంటిది. గిన్నెలో గుండు. చక్రం పైకీ కిందికీ ఊగడానికీ, పక్కకు తిరగడానికీ అదే ఆధారం. పైన రబ్బరు తొడుగు, లోపల గ్రీజు ఉంటాయి. తొడుగు చిరిగితే వాన నీళ్ళు, దుమ్ము లోపలికి చేరి గిన్నె అరుగుతుంది. మన బెంగుళూరు గుంతలు మిగతా పని పూర్తిచేస్తాయి. బాగా అరిగిన గుండు గిన్నెలోంచి ఊడి వస్తే చక్రం వాలిపోతుంది, స్టీరింగు చేతిలో ఉన్నా బండి మాట వినదు. బండిని జాకీ మీద ఎత్తించి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడమనండి. లొడలొడలాడితే జాయింటో, బేరింగో పోయినట్టే. తొడుగు చిరిగిందేమో కళ్ళతో చూడండి.

సామాను జె.సి. రోడ్డులో కొన్నాను. అక్కడ అడగాల్సిన మొదటి ప్రశ్న ధర కాదు, కంపెనీ. రెండో రకం సరుకు పెట్టె మాత్రం అచ్చు అసలుదానిలాగే ఉంటుంది. కొన్ని కార్లకు జాయింటు విడిగా దొరుకుతుంది. మాకు కింది ఆర్ముతో సహా మార్చాల్సివచ్చింది, అదీ రెండు పక్కలా. కూలితో కలిపి ఎనిమిది వేలకు కాస్త లోపు అయింది.

పని జరిగేటప్పుడు పక్కన నిలబడండి, తప్పులేదు. కారు కింద జాకీ ఒక్కటే కాకుండా స్టాండు ఉండాలి. కొత్త డిస్కు పెట్టేముందు హబ్బు మీది తుప్పు గీకాలి, లేకపోతే నెలల్లోనే మళ్ళీ వణుకు. డిస్కుకు పూసిన నూనె తుడవాలి. విప్పిన క్యాలిపర్‌ను గొట్టం మీద వేలాడనివ్వకుండా తీగతో కట్టాలి. బాల్ జాయింటు నట్టుకు స్ప్లిట్ పిన్ను ఉంటే పాతది వంచి పెట్టకుండా కొత్తది వేయాలి. బ్రేకు ఫ్లూయిడు రెండేళ్ళు దాటితే అది కూడా మార్పించండి. అది తేమ పీల్చుకుంటుంది, ఘాటులో వేడికి మరిగితే పెడలు మెత్తబడిపోతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. పని పూర్తయ్యాక మొదటిసారి తొక్కితే పెడలు నేల దాకా పోతుంది. బండి కదపకముందే గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కాలి. తర్వాత అలైన్‌మెంటు తప్పనిసరి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు సడన్ బ్రేకులు లేకుండా మెల్లగా నడపాలి. కొత్త ప్యాడు కొత్త డిస్కుకు అలవాటు పడాలి కదా.

మా అత్తగారు దసరాకి మళ్ళీ తిరుపతి అంటున్నారు. వచ్చే సంచికలో ఇన్వర్టరు బ్యాటరీ, దాని నీళ్ళ సంగతి.