పండు రైతుది - పేరు మాత్రం మరొకరిది

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు పేరు వినని తోట రైతు ఈ జిల్లాలో ఉండడు. కొత్తపేట రోడ్డు పక్కన సుమారు 22 ఎకరాల ఆవరణలో సాగిన ఆ మార్కెట్టుకు ఎండాకాలం వచ్చిందంటే చాలు, తెల్లవారక ముందే మామిడి లారీలు బారులు తీరేవి. నల్లగొండ బత్తాయి, మహారాష్ట్ర ద్రాక్ష, దానిమ్మ, కాశ్మీరు ఆపిలు అన్నీ అక్కడికే చేరేవి. ఆ మార్కెట్టు 2021 సెప్టెంబరు నెలాఖరున మూతపడింది. వ్యాపారం విజయవాడ రహదారి మీదనున్న బాటసింగారానికి తరలిపోయింది. ఖాళీ అయిన స్థలంలో పెద్దాసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగింది. అంతకు ముందే, 2020 వేసవిలో, కోహెడలో తాత్కాలికపు షెడ్లు వేసి మామిడి వ్యాపారం మొదలుపెట్టగా, మే మొదటి వారంలో వీచిన ఈదురుగాలికి ఆ షెడ్లు కూలి పలువురు గాయపడిన సంగతి కూడా పాఠకులకు తెలిసినదే.

ఆసుపత్రి ప్రజలకు అవసరమే. దానిమీద తగాదా లేదు. అయితే ఈ తరలింపు ఒక సంగతిని బయటపెట్టింది. మార్కెట్టు ఎక్కడికి పోయినా అడ్తిదారు తన దుకాణం పేరును, తన ఫోను నంబరును వెంట తీసుకొని పోయినాడు. కొనేవారు ఆ పేరును వెతుక్కుంటూ అక్కడికి పోయినారు. మరి ఏళ్ళ తరబడి ఆ మార్కెట్టును నింపిన రైతు వెంట ఏ పేరు పోయింది? కష్టం అతనిది, చెట్టు అతనిది, పండు అతనిది. పేరు మాత్రం అతనిది కాలేదు. ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కాని ధరలో రైతు ఎందుకు వెనుకబడి పోతున్నాడనే ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉన్నది.

తక్‌పట్టీతోనే సరి

కాయ మార్కెట్టుకు చేరిన తరువాత జరిగేది అందరికీ తెలుసు. హమాలీలు దించుతారు. పెద్దకాయ, చిన్నకాయ, దెబ్బకాయ వేరు చేస్తారు. వేలం పలుకుతుంది. తూకమవుతుంది. ఖర్చులు, కమీషను పోగా మిగిలిన మొత్తం రాసి రైతు చేతికి తక్‌పట్టీ ఇస్తారు. ఆ చీటీ మీద రైతు పేరు ఉంటుంది, ఊరి పేరు ఉంటుంది. కాని చీటీ రైతు జేబులోనికి, పండు మరొకరి బుట్టలోనికి పోతుంది. అక్కడితో ఆ రెంటికీ రుణం తీరిపోతుంది.

దిల్‌సుఖ్‌నగర్ బండి మీద కొనే గృహిణి "ఇది బంగినపల్లేనా? తియ్యగా ఉంటుందా?" అని అడుగుతుంది. "చక్కెరే అమ్మా" అని బండివాడు జవాబు చెబుతాడు. ఏ ఊరి తోటదని ఆమె అడగదు, అడిగినా అతనికి తెలియదు. పండు బాగుంటే, మళ్ళీ అదే తోట పండు కొనే దారి ఆమెకు లేదు. బాగుండకపోతే చెప్పుకొనే దిక్కు లేదు. ఆ వీధిలోనే బట్టల కొట్టు, మిఠాయి కొట్టు, కోచింగు సెంటరు, చెప్పుల దుకాణం - ఒక్కటైనా బోర్డు లేకుండా కనపడదు. బోర్డు లేని సరుకు తోట రైతుది ఒక్కటే.

బంగినపల్లి మామిడిని మనవైపు బేనిషాన్ అని కూడా అంటారు. మచ్చ లేనిది, గుర్తు లేనిది అని ఆ మాటకు అర్థం. తొక్క మీద మచ్చ లేకపోవడం ఆ పండుకు అందమే. కాని పండించినవాని గుర్తు కూడా లేకపోవడం అతనికి నష్టం.

చెడ్డపేరు అందరిదీ

పేరు లేనిచోట ఒక విచిత్రం జరుగుతుంది. మంచి ఎవరి ఖాతాలోనూ పడదు, చెడు మాత్రం అందరి ఖాతాలో పడుతుంది. కార్బైడు సంగతే చూడండి. కాల్షియం కార్బైడుకు తేమ తగిలితే వెలువడే వాయువు కాయకు రంగు తెస్తుంది గాని రుచి తేదు. అందులో ఆర్సెనిక్, భాస్వరం వంటి విషపదార్థాల ఆనవాళ్ళు ఉంటాయి. పండ్లను దానితో మాగబెట్టరాదని చట్టం నిషేధించింది. అయినా కొందరు మానలేదు. చివరకు 2015లో ఉమ్మడి హైకోర్టు ఈ విషయాన్ని తనంతట తానే విచారణకు చేపట్టవలసి వచ్చింది. ఆ మరుసటి సంవత్సరం, అనగా 2016లో, ఆహార భద్రతా సంస్థ ఇథిలీన్ వాయువుతో మాగబెట్టడానికి అనుమతి ఇచ్చింది. గాలిలో పది లక్షల పాళ్ళకు నూరు పాళ్ళు మించకుండా వాడాలని హద్దు పెట్టింది.

తప్పు కొందరిది. కాని పట్నంలో "మార్కెట్టు మామిడి తినకండి, కార్బైడు పండ్లు" అన్న మాట పుట్టిన తరువాత, గడ్డిలో పెట్టి నిదానంగా మాగవేసిన రైతు పండు కూడా ఆ మాటకిందే పడిపోయింది. తన పండు వేరని చెప్పుకొనేందుకు అతని దగ్గర పేరు లేదు, గుర్తు లేదు. పేరు కేవలం గొప్పకోసం కాదు, పక్కవాని తప్పు తన నెత్తిన పడకుండా కాపాడే గొడుగు కూడా అదేనని దీనివల్ల తెలుస్తున్నది.

పొరుగువారు చేసి చూపినది

ఇదంతా పెద్ద కంపెనీలకు గాని రైతులకు సాధ్యమా అనే సందేహం కలగవచ్చు. దూరం పోనక్కరలేదు. పాత రంగారెడ్డి జిల్లాలో ఉండిన తాండూరు కందిపప్పుకు ఎన్నడో పేరు వచ్చింది. ఆ పేరుతో ఎక్కడెక్కడి పప్పో అమ్ముడుపోయేది. యాలాల రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ దరఖాస్తు పెట్టగా, 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు లభించింది. ఒక మండలం రైతులు కలిసికట్టుగా నిలబడి తమ నేల పేరును తమ పేరున రాయించుకొన్నారు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే ఈ గుర్తింపు వచ్చింది.

బంగినపల్లి మామిడికి 2017 మే నెలలో ఆంధ్రప్రదేశ్ ఉద్యానశాఖ ద్వారా ఈ గుర్తింపు లభించింది. ఆ దరఖాస్తులో పండు పండే ప్రాంతాల కింద బనగానపల్లె, పాణ్యం, నంద్యాల మండలాలతోపాటు రంగారెడ్డి, మహబూబ్‌నగర్, ఖమ్మం జిల్లాల పేర్లు కూడా ఉన్నవి. అయితే గుర్తింపు వచ్చినంత మాత్రాన ప్రతి రైతుకూ దానిని వాడుకొనే హక్కు దానంతట అది రాదు. అధీకృత వినియోగదారుగా పేరు నమోదు చేయించుకోవాలి. ఆ సంగతి చెప్పి, కాగితాలు రాయించి, సంతకం పెట్టించేవారు పల్లెలకు రావాలి.

పరదేశం సంగతి కూడా ఒకటి చెప్పుకోవచ్చు. అమెరికాలోని కాలిఫోర్నియాలో నారింజ రైతులు ఒకప్పుడు మనవారివలెనే దళారుల చేతికి సరుకు అప్పగించి, వచ్చిన కాడికి తీసుకొనేవారు. సరుకు అమ్ముడుపోక పోతే నష్టం రైతుదే. విసిగిన రైతులు 1893లో ఒక సంఘంగా ఏర్పడినారు. 1908 ప్రాంతంలో తమ పండుకు సన్‌కిస్ట్ అని పేరు పెట్టి ప్రచారం చేసినారు. తరువాత ఆ పేరును పండు తొక్క మీదనే ముద్రించినారు. రైతుల సంఘం పెట్టిన పేరు దేశదేశాలలో నిలబడింది. ఆ పేరు వెనుక ఉన్న బలం రెండే - కలిసి అమ్మడం, నాసికాయను ఆ పేరుతో పంపకపోవడం.

ఫోను చేతిలోనే ఉన్నది

వెనుకటి రోజుల్లో పేరు తెచ్చుకోవాలంటే గోడల మీద రాతలు, సినిమాహాలులో స్లైడు, పత్రికలో ప్రకటన - అన్నిటికీ డబ్బే. నేడు పల్లెలో ప్రతి ఇంటా ఉన్న ఫోను ఆ పని చేయగలదు. 2020 మే నెలలో, లాక్‌డౌన్ వల్ల మార్కెట్టుకు పోయే దారి లేనప్పుడు, తెలంగాణ ఉద్యానశాఖ తపాలాశాఖతో కలిసి ఐదు కిలోల మామిడి పెట్టెలను పట్నంలో ఇంటింటికీ చేరవేసింది. ఆర్డర్లు వాట్సాప్‌లో వచ్చినవి, డబ్బు ఫోను ద్వారానే చేరింది. ఆ సంవత్సరం జూన్‌లో ఆర్టీసీ కార్గో సర్వీసు కూడా మొదలైంది. తోటకు, పట్నపు ఇంటికి నడుమ దారి ఉన్నదని ఆ వేసవి రుజువు చేసింది.

దీనికి పెద్ద చదువు అక్కరలేదు. ఊరి పేరుతోనో, తోట పేరుతోనో ఒక పేరు పెట్టుకోవాలి. పెట్టె మీద, ఫోనులో, రసీదు మీద అదే పేరు, అదే నంబరు ఉండాలి. ఏడాదికొక నంబరు మార్చితే నిరుడు కొన్నవారు పోయినట్లే. గూగుల్ పటంలో తోట స్థానం, పేరు నమోదు చేయడానికి రుసుము లేదు. ఫోటోలు తన తోటవే పెట్టాలి, ఎక్కడివో అందమైన బొమ్మలు తెచ్చి పెట్టరాదు. కాయ కోసిన తేదీ, ఎన్ని రోజులకు పండుతుంది, ఎలా మాగవేయాలి అనే సంగతులు నాలుగు మాటల్లో రాసి పెట్టెలో పెడితే, వేయి రూపాయల ప్రకటన కన్న అదే ఎక్కువ పని చేస్తుంది. పేరు కాస్త నిలదొక్కుకొన్న తరువాత ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకోవడం మంచిది. ఆ నమోదు పదేళ్ళు ఉంటుంది, మళ్ళీ పొడిగించుకోవచ్చు.

జాగ్రత్త కూడా అవసరమే. ఆర్డరు ఇస్తామని ఫోను చేసి, "డబ్బు పంపుతున్నాం, పిన్ నంబరు కొట్టండి" అనే మోసగాళ్ళున్నారు. డబ్బు రావడానికి పిన్ నంబరు కొట్టనక్కరలేదు, పోవడానికే కొట్టాలి. ఈ ఒక్క ముక్క ప్రతి రైతు గుర్తుంచుకోవాలి. మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి.

పేరు గొప్ప, ఊరు దిబ్బ కారాదు

పేరు పెట్టడం ఒక రోజు పని, నిలబెట్టడం ఏళ్ళ పని. పై వరుసలో పెద్దకాయలు, అడుగున గోలీకాయలు పెట్టి పంపితే ఒక సీజనులోనే ఆ పేరు మట్టి కొట్టుకొని పోతుంది. వెనుక మార్కెట్టులో అటువంటి బుట్ట కొన్నవాడు ఒక్కడే తిట్టుకొనేవాడు. ఇప్పుడు అతడు ఫోటో తీసి పెడితే వేయిమంది చూస్తారు. మందు కొట్టిన తోటను సేంద్రియమని చెప్పడం, బంధువులచేత పొగడ్తలు రాయించడం కూడా అటువంటివే. డబ్బిచ్చి రాయించిన అభిప్రాయాలను అరికట్టేందుకు 2022 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఒక ప్రమాణాన్ని కూడా ప్రకటించింది. దానికన్న ముందు కొనేవారే పసిగడతారు. పదిమందిలో ఒకరికి కాయ చెడితే, "మరో పెట్టె పంపుతాం" అని చెప్పగలిగిన రైతుకే పేరు దక్కుతుంది. నిజమైన ప్రకటన అదే.

అడ్తిని విడువమని కాదు

పది టన్నుల కాయను ఐదు కిలోల పెట్టెల్లో పట్టి ఇంటింటికీ పంపడం ఒక కుటుంబం వల్ల కాదు. ఒక్క గాలివానకు రాలిపోయే పంట ఇది. రాసి మొత్తాన్ని ఒక్కపూటలో కొని, అదే రోజు లెక్క తేల్చేది మార్కెట్టే. పెళ్ళికో, కౌలుకో, మందులకో ముందుగా అప్పు ఇచ్చేది కూడా చాలాచోట్ల అడ్తిదారే. ఆ అప్పు ఉన్నన్నాళ్ళు కాయ ఎవరికి అమ్మాలనే స్వేచ్ఛ రైతుకు ఉండదు. ఇవన్నీ నిజాలు. వీటిని కాదని ఫోను పట్టుకొని అందరూ లక్షాధికారులు కావచ్చునని చెప్పడం మోసపుచ్చడమే.

కనుక మొదటి సంవత్సరమే అంతా మార్చనక్కరలేదు. నూరు పెట్టెల కాయలో పది పెట్టెలు ఏరి, తన పేరు మీద అమ్మి చూడాలి. మిగిలినది మార్కెట్టుకే పోవాలి. ఆ పది పెట్టెలకు వచ్చిన ధర తెలిస్తే, తొంభై పెట్టెల దగ్గర బేరమాడే ధైర్యం వస్తుంది. అసలు ధర ఎంతో తెలిసిన రైతుకు, తెలియని రైతుకు తేడా ఉన్నది. ఒక్కరివల్ల కానిది ఊరి వల్ల అవుతుంది. పది తోటలు కలిస్తే ఒక వాహనం నిండుతుంది, ఒక పేరు నిలుస్తుంది. ఫోను పని తెలిసిన చదువుకొన్న పిల్లలు ప్రతి ఊళ్ళో ఉన్నారు. ఉద్యోగం కోసం దిల్‌సుఖ్‌నగర్ గదుల్లో ఉండి చదువుకొంటున్న ఆ పిల్లలకే పట్నంలో ఎవరేమి కొంటారో బాగా తెలుసు. వారిచేత ఈ పని చేయించవచ్చు.

పాలకుల బాధ్యత

రైతు పని రైతు చేసినా, పాలకుల వంతు మిగిలే ఉన్నది. మార్కెట్టు కమిటీ తలచుకొంటే వేలం రాసి దగ్గర రైతు ఊరి పేరు కనపడేటట్టు పలక పెట్టించవచ్చు. గ్రేడు చేసి, ఇథిలీన్ గదుల్లో మాగవేసిన పండుకు ముద్ర వేసి, తోట ఊరి పేరుతో అమ్మే ఏర్పాటు చేయవచ్చు. వ్యవసాయోత్పత్తులకు గ్రేడు వేసి ముద్ర కొట్టే చట్టం ఈ దేశంలో 1937 నుంచి ఉన్నది. మార్కెట్టు కట్టడమంటే షెడ్లు, రోడ్లు, కాటాలు మాత్రమే కాదని అధికారులు గుర్తించాలి. సరూర్‌నగర్ రైతుబజారులో కూరగాయల రైతుకు చోటు ఇచ్చినట్లే, వేసవి మూడు నెలలు తోట రైతుల సంఘాలకు పట్నంలో తమ పేరుతో అమ్ముకొనే చోటు చూపాలి. బంగినపల్లి గుర్తింపును వాడుకొనే హక్కు కోసం ఉద్యానశాఖ సిబ్బంది మండలాల్లో శిబిరాలు పెట్టి రైతుల పేర్లు నమోదు చేయించాలి.

గడ్డిఅన్నారం మార్కెట్టు తరలిపోయినప్పుడు పేరున్నవారు నిలదొక్కుకొన్నారు, పేరు లేనివారు మళ్ళీ మొదటినుంచి ఆరంభించారు. మార్కెట్టు రేపు ఇంకెక్కడికి మారినా రైతు మళ్ళీ చేతులు ముడుచుకొని నిలబడే పరిస్థితి రాకూడదు. వచ్చే సీజనుకు పూత రాకముందే ప్రతి తోట ఊళ్ళోనూ నలుగురు రైతులు కూర్చొని, తమ పండుకు ఏ పేరు పెట్టాలో, ఆ పేరు కోసం ఏ కాయను పంపకూడదో తేల్చుకోవడం మంచిది.