సర్టిఫికెట్టు ఎవరిస్తే నాయకుడు వాళ్లవాడే!

నల్లగొండ బస్సు ఎల్.బి.నగర్ చౌరస్తాల ఆగుతది. మన వాడ పిల్లగాడు సంచి భుజానేసుకుని దిగుతాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగు, చైతన్యపురి గల్లీలో నలుగురికి ఒక గది. కూలికి పోయిన తల్లి నెలనెలా పైసలు పంపుతది. ఆర్నెల్లు తిరిగేసరికి వాడి చేతికి ఒక కరపత్రం అందుతుంది. 'యువతకు పౌర నాయకత్వ శిక్షణ. భోజనం, వసతి ఉచితం. చివరిరోజు సర్టిఫికెట్టు.'

పోతాడు. పోవద్దని మనం అనం. కానీ పోయినోడు ఏమై తిరిగొస్తున్నాడు? ఇది అడిగే హక్కు వాణ్ణి పంపిన వాడకు ఉంది.

ఆ నాలుగైదు రోజుల్లో ఏం నేర్పుతారు? మైకు ముందు బెదరకుండా మాట్లాడటం. నలుగురితో నవ్వుతూ మెలగటం. ఆఖరికి చెరువు గట్టు మీద చీపుర్లు పట్టించి ఒక ఫొటో. మాట్లాడటం నేర్పితే సంతోషమే, తరతరాలుగా నొక్కిన నోరు మనది. కానీ ఆ నోటికి ఏ మాట అందించారు? అన్ని రోజుల్లో కులం అన్న మాట ఒక్కసారైనా వినబడ్డదా? ఇక చీపురంటారా, అది మన పిల్లలకు కొత్తగా నేర్పాల్నా? వాళ్ల అమ్మలు తెల్లారకముందే ఈ సిటీ రోడ్ల మీద పట్టేది అదే కదా! కాలనీ బాబు పడితే చీపురు సేవ అయితది. మన అమ్మ పడితే కులం అయితది. ఈ తేడా చెప్పని శిక్షణ ఎవరి కోసం?

2021 ఆగస్టులో, ఎల్.బి.నగర్ దాటితే వచ్చే వనస్థలిపురం సాహెబ్‌నగర్‌లో, రాత్రిపూట మ్యాన్‌హోల్‌లో దిగిన కాంట్రాక్టు కార్మికులు ఇద్దరు చనిపోయారు. రక్షణ సామాను లేకుండా మనిషిని అందులోకి దించొద్దని 2013లోనే చట్టం వచ్చింది. అట్ల చనిపోయిన వాళ్ల కుటుంబానికి 10 లక్షలు కట్టాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. ఏ శిక్షణలో ఈ లెక్క చెప్పారు? ఎవరు దించమన్నారు, ఎవరి కాంట్రాక్టు, ఏ అధికారి చూడాల్సింది అని గట్టిగా అడగటమే పౌర నాయకత్వం. మిగతాదంతా ముస్తాబు.

శిక్షణ మనిషిని మార్చదని కాదు, మారుస్తది. నా భయమే అది. నాకు తెలిసిన ఒక బస్తీ పిల్లగాడు, నల్లా రాకపోతే ఇరవై మంది ఆడవాళ్లను బిందెలతో తోలుకపోయి ఆఫీసు ముందు కూసుండేవాడు. శిక్షణ నుంచి వచ్చినంక ఒక్కడే ఫోన్లో ఫిర్యాదు పెట్టి, వచ్చిన నంబరు అందరికీ చూపిస్తున్నాడు. నల్లా మాత్రం రాలేదు. మునుపు బస్తీకి జవాబు చెప్పేవాడు, ఇప్పుడు పైసలిచ్చినోళ్లకు రిపోర్టు రాస్తున్నాడు. ఇరవై మంది పోరాటం ఒక్కడి బయోడేటాలో ఒక లైను అయింది. తప్పు వాడిది కాదు. వాణ్ణి ఖాళీగా వదిలిన మనది కూడా.

శిక్షణ మనకు కొత్తనా? దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట మీదుగా మూసీ దాటితే చాదర్‌ఘాట్. ఆదిహిందూ ఉద్యమం నడిచిన నేల అది. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలు చెప్పించి, మన పిల్లలకు బడులు తెరిచి కార్యకర్తల్ని తయారుచేశాడు. జోగినీ దురాచారం మీద, తాగుడు మీద వాడవాడకూ వాళ్లను పంపాడు. బాబాసాహెబ్ తన ఆఖరి ఏడాది, 1956లో, బొంబాయిలో రాజకీయాల్లోకి వచ్చేవాళ్ల కోసం శిక్షణ పాఠశాల తెరిచాడు. 1985 జూలైలో కారంచేడు నెత్తురు చూసి చీరాల శిబిరానికి చేరిన జనానికి ఏ సంస్థా క్లాసులు చెప్పలేదు. ఆ పోరాటంలోనే దళిత మహాసభ పుట్టింది. ఇవీ మన శిక్షణలు.

'ఉచితంగా నేర్పుతుంటే మీకేం నొప్పి?' అంటారు మనవాళ్లే కొందరు. నేర్చుకోనియ్యండి. కానీ తిరిగొచ్చినంక వాడ నడుమ నిలబెట్టి అడగండి:

సమాచార హక్కు దరఖాస్తు రాయటం వచ్చా? 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు. దారిద్ర్యరేఖకు దిగువనున్నోళ్లకు ఆ ఫీజు కూడా లేదు.

3 లక్షలు దాటిన పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243-ఎస్ చెప్తుంది. మన బస్తీ నుంచి అందులో ఎవరిని కూసోబెడదాం?

ఊళ్లో అయితే, అత్యాచార నిరోధక చట్టం కింద కలెక్టరు 3 నెలలకొకసారి జరపాల్సిన విజిలెన్స్ కమిటీ మీటింగు జరిగిందా? మన కేసు అందులోకి వచ్చిందా?

ఆఖరి ప్రశ్న: నువ్వు నేర్చింది ఎంతమందికి నేర్పినవ్?

దీనికి జవాబు చెప్పినోడే నాయకుడు. చెప్పినామె నాయకురాలు. అక్కలారా, అన్నలారా, పదిహేను రోజులకొక రాత్రి మన బస్తీలోనే ఈ బడి నడుపుదాం. చీపురు పట్టే తల్లే అక్కడ మొదటి పంతులమ్మ. ఆ బడిలో సర్టిఫికెట్టు ఉండదు. పక్కింటోడి కష్టానికి నువ్వు లేచి నిలబడిననాడు వాడే నిన్ను నాయకుడంటది.

జై భీమ్!