తక్కెడ చెప్పని బరువు

పిల్లలూ!

కూరగాయలు తూచే తక్కెడలో ఆటబ్యాట్లు పెట్టి తూచడం మీరెప్పుడైనా చూశారా? కిందటి నెలలో ఒక ఆదివారం ఉదయం మా పురానాపూల్‌లో ఆ వింత జరిగింది. జరిపించినవాణ్ణి నేనే. ఎందుకో చెబుతాను, వినండి.

మా మనవరాలికి పన్నెండేళ్ళు. దానికి కొత్తగా ఒక ఆట మీద మోజు పుట్టింది. ఆ ఆట పేరు పాడెల్. ఈ పేరు మొదటిసారి విన్ననాడు వాళ్ళ అమ్మమ్మ చెవులు మూసుకుని, "పొద్దున్నే ఆ పాడుమాటేమిటే! శుభమా అని ఆడుకోబోతూ పాడె అంటారా ఎవరైనా?" అని కేకలేసింది. తెడ్డును ఇంగ్లీషులో ప్యాడిల్ అంటారనీ, ఆ మాటే స్పానిష్‌వాళ్ళ నోట పాడెల్ అయిందనీ నేను చెప్పిన తరువాత గాని ఆమె శాంతించలేదు.

ఈ ఆట 1969లో మెక్సికో దేశంలోని అకపుల్కో పట్నంలో పుట్టింది. ఎన్రికే కోర్క్వెరా అనే ఆయన తన ఇంటి ఆటస్థలం చుట్టూ గోడలు పెట్టి దీన్ని రూపొందించాడు. 1974లో అది స్పెయిన్ చేరింది. ఈమధ్య మన హైదరాబాదులో కూడా గాజుగోడల కోర్టులు వెలిశాయి. కోర్టు 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉంటుంది. నడుమ వల, ఇటు ఇద్దరు, అటు ఇద్దరు. బంతి నేలను తాకి, వెనుక గాజుగోడకు కొట్టుకుని తిరిగి వచ్చినా ఆట ఆగదు. రెండోసారి నేలను తాకేలోగా దాన్ని కొట్టవచ్చు. బ్యాటుకు తీగలు ఉండవు. రెండు పలకల మధ్య మెత్తని పదార్థం కూరి, గాలి దూరడానికి చిల్లులు పెట్టి ఉంటుంది.

మా పిల్ల స్నేహితురాలి అన్నగారి బ్యాటు అరువు తెచ్చుకుని రెండు వారాలు ఆడింది. అది వజ్రం ఆకారంలో ఉండే బ్యాటు. బంతిని ఫిరంగిలా పేలుస్తుందని దానికి పేరు. తన హుండీ డబ్బుకు నాన్న ఇచ్చేది కలిపి, తానూ అటువంటిదే కొనాలని పిల్ల కోరిక.

ఒకనాటి సాయంత్రం అది పాలగ్లాసును ఎడమచేత్తో అందుకున్నది. దానిది కుడిచేతి వాటం.

"కుడిచేతికేమయిందమ్మా?" అన్నాను.

"ఏమీ లేదు తాతయ్యా!" అన్నది.

నేను జీవితమంతా బడిపిల్లల మధ్య గడిపినవాణ్ణి. "ఏమీ లేదు" అన్నారంటే ఏదో ఉన్నదన్నమాటే! మోచేతి బయటివైపు వేలితో మెల్లగా నొక్కాను. పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చెబితే ఆట మానిపిస్తారని చెప్పలేదు తాతయ్యా!" అన్నది.

నేను కోప్పడలేదు. కోప్పడే అర్హత నాకు లేదు. నలభై ఏళ్ళ కిందట నేను బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాణ్ణి. పచ్చని ఉన్నిబంతి, కొయ్యచట్రం బ్యాటు. మా జట్టులో అందరికంటే బలంగా కొట్టేవాడి దగ్గర ఒక బరువైన బ్యాటు ఉండేది. అతని బలమంతా ఆ బ్యాటులోనే ఉన్నదనుకుని, అడిగి పుచ్చుకున్నాను. నెల తిరగకముందే మోచెయ్యి సలపడం మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. ఉపాధ్యాయ శిక్షణలో నా మాదిరి పాఠం వచ్చిన రోజున, సుద్దముక్క పట్టుకుని నల్లబల్ల దాకా చెయ్యి ఎత్తలేకపోయాను. ఎడమచేత్తో వంకరటింకరగా వ్రాస్తూంటే తరగతి అంతా నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నది. నొప్పి దాచుకుంటే తరగదు పిల్లలూ, పెరుగుతుంది.

మర్నాడే పిల్లను వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళాం. చేతిని కొన్నాళ్ళు కదల్చకుండా ఉంచి, నొప్పి పూర్తిగా తగ్గాకనే ఆడమన్నారు. "ఈలోగా మనం బ్యాటు ఎంచడం నేర్చుకుందాం" అన్నాను. పిల్ల ముఖం విప్పారింది. కాని దానికి ఒక సందేహం: "నా బ్యాటు బరువు కాదు తాతయ్యా. మా స్నేహితురాలి గుండ్రటి బ్యాటూ ఇదీ ఒకే బరువని దుకాణంలో చెప్పారట. మరి దానికి నొప్పి రాలేదు, నాకెందుకు వచ్చింది?"

మంచి ప్రశ్న! మంచి ప్రశ్నకు నోటితో కాదు, చేతితో జవాబు చెప్పాలి. రెండు బ్యాట్లూ తీసుకుని ఆదివారం ఉదయం వంతెన దగ్గరికి బయలుదేరాం. ఇది 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా మూసీ నది మీద కట్టించిన వంతెన. 22 కమానులతో ఇప్పటికీ నిలిచి ఉన్నది. అక్కడ నేను రోజూ కూరలు కొనే ఆమె దగ్గర పళ్ళాల తక్కెడ ఒకటి ఉన్నది. నా చేతిలోని బ్యాట్లు చూసి ఆమె నవ్వింది. "ఏం సారూ, ఇయ్యాల గివి జోకాల్నా? కిలో ఎంతకిస్తవు?" అన్నది.

ఒక పళ్ళెంలో వజ్రం బ్యాటు, రెండో పళ్ళెంలో గుండ్రటి బ్యాటు అడ్డంగా పెట్టాం. తక్కెడ ముల్లు అటూ ఇటూ ఊగి, సరిగ్గా నడుమ నిలిచింది. రెండూ ఒకే బరువు!

"చూశావా తాతయ్యా!" అన్నది పిల్ల.

"ఇప్పుడు ఒక్కొక్కదాన్నీ ఎడమచేతి చూపుడువేలు మీద అడ్డంగా నిలబెట్టు" అన్నాను.

గుండ్రటి బ్యాటు పిడి చివరినుంచి 25 సెంటీమీటర్ల దగ్గర కుదురుగా నిలిచింది. వజ్రం బ్యాటు అక్కడ నిలవక తలవైపు ఒరిగిపోయింది. వేలిని జరుపుతూ పోతే 26న్నర దగ్గర నిలిచింది. బరువు ఒకటే, కాని ఆ బరువు ఉన్న చోటు వేరు. తక్కెడ ఎంత బరువో చెబుతుంది గాని ఎక్కడ ఉన్నదో చెప్పదు. అది చెప్పేది మన వేలు.

ఒకటిన్నర సెంటీమీటర్లు ఏపాటి తేడా అంటారేమో. ఇంట్లో పెద్దవాళ్ళను దగ్గర పెట్టుకుని ఈ పరీక్ష చేయండి. సుత్తిని పిడి చివర పట్టుకుని మణికట్టుతో అటూ ఇటూ తిప్పండి. తరువాత తిరగేసి, ఇనుప తల దగ్గర పట్టుకుని తిప్పండి. సుత్తి అదే, చెయ్యీ అదే. కాని రెండోసారి ఎంతో తేలికగా తిరుగుతుంది. తిరిగే వస్తువులో ఒక బరువును చేతికి రెండింతల దూరం జరిపితే, దాన్ని అంతే చురుకుగా తిప్పడానికి నాలుగింతల ప్రయత్నం కావాలి. పైతరగతుల్లో దీన్నే జడత్వ భ్రామకం పేరుతో చదువుకుంటారు. ఆటలో బ్యాటును వందలసార్లు తిప్పి ఆపుతాం. ప్రతిసారీ ఆ అదనపు శ్రమ మోసేది మణికట్టూ మోచెయ్యీ!

పాడెల్ బ్యాట్లలో మూడు ఆకారాలు ఉన్నాయి. గుండ్రటిదానికి బరువు పిడివైపు ఉంటుంది. బంతి చక్కగా తగిలే చోటు పలక నడిమధ్యన, విశాలంగా ఉంటుంది. వజ్రం ఆకారపుదానికి బరువు తలవైపు ఉంటుంది. ఆ మంచి చోటు పైకి జరిగి, చిన్నదవుతుంది. నీటిబొట్టు ఆకారపుది రెంటికీ మధ్యరకం. మంచి చోట తగలని బంతి బ్యాటును చేతిలో మెలితిప్పుతుంది. ఆ మెలికను ఆపడానికి పిడిని గట్టిగా బిగిస్తాం. ఆ బిగింపే మోచేతి నరాలను లాగుతుంది. కొత్తగా నేర్చేవాళ్ళ బంతి ఎక్కువసార్లు పక్కకే తగులుతుంది కదా! కనుక వాళ్ళకు గుండ్రటిదే మేలు.

ఇక లోపలి పదార్థం. అది ఇ.వి.ఎ. అనే నురుగు. మీ చెప్పుల అడుగుల్లో వాడేదీ ఆ జాతిదే. మెత్తనిది అదురును మింగేసి చేతిని కాపాడుతుంది. మెల్లగా కొట్టినా బంతిని ముందుకు విసురుతుంది. గట్టిది మెల్లని దెబ్బకు బంతిని అంతగా విసరదు. అందుకే ఆరితేరినవాళ్ళు కొందరు గట్టిదాంట్లోనే అదుపు ఎక్కువ అంటారు. అది నిజమే కాని, అదురు వాళ్ళ చెయ్యి ఓర్చుకోగలదు, మీది ఓర్చుకోలేదు. మెత్తనిదో మధ్యరకమో చాలు. పైపలకల్లో గాజుపీచుది కొంచెం వంగుతుంది, కార్బన్ పీచుది బిగుసుగా ఉంటుంది. మొదట గాజుపీచుది మంచిది. పెద్దల బ్యాట్లు సాధారణంగా 350 నుంచి 375 గ్రాముల దాకా ఉంటాయి. పిల్లలకని చేసేవి సుమారు 300 గ్రాములు. పన్నెండేళ్ళ పిల్లకు పెద్దల బ్యాటే అరువు ఇచ్చి ఆడించాం, అది మా మరో పొరపాటు.

"మరి నేను బలంగా కొట్టడం ఎలా?" అని పిల్ల దిగులు పడింది.

"ఎందుకు కొట్టాలి?" అన్నాను. "నువ్వు ఫిరంగిలా కొట్టిన బంతి ఏమవుతుంది?"

అది కొంచెంసేపు ఆలోచించి, "నేలను తాకి, వెనుక గాజుకు కొట్టుకుని, ఎగిరి మళ్ళీ వాళ్ళ ముందుకే వస్తుంది" అన్నది.

"వాళ్ళకు తీరికగా కొట్టడానికి! అదే మెల్లగా మూలలో దించితే?"

"గాజు దగ్గరే చచ్చిపోతుంది, లేవదు!" అని తానే గట్టిగా నవ్వింది.

చూశారా? గోడలు ఉన్న ఆటలో మన బలం ఎదుటివాడికి కూడా ఉపయోగపడుతుంది. మన అదుపు మనకు మాత్రమే ఉపయోగపడుతుంది. బలం వద్దని కాదు. అదుపు వచ్చాక బలం తెచ్చుకోవచ్చు.

పెద్దలకు ఒక మాట. పిల్లల బ్యాటు కొనేముందు ఖరీదు చూడకండి, రంగులు చూడకండి. పక్కపక్కన రెండుమూడు పెట్టి వేలు మీద నిలిపించండి. కొన్ని కోర్టుల్లో బ్యాట్లు అద్దెకిస్తారు, ఒకటి రెండు రోజులు ఆడించి చూడండి. బ్యాటు చివర ఉండే తాడును మణికట్టుకు వేసుకోవాలన్నది ఆట నియమం. చెయ్యి జారిన బ్యాటు పక్కవాడికి తగలకుండా కాపాడేది అదే. అన్నిటికంటే ముఖ్యం, నొప్పి చెబితే ఆట మానిపిస్తారన్న భయం పిల్లలకు కలగనీయకండి.

మా పిల్లకు నొప్పి పోయింది. పిల్లల కొలతలో ఉన్న గుండ్రటి, మెత్తని బ్యాటు కొన్నాం. దాని హుండీలో ఇంకా కొంత మిగిలింది కూడా. మొదటి ఆదివారం ఓడిపోయి వచ్చింది. అయినా ఆ సాయంత్రం పాలగ్లాసు కుడిచేత్తోనే అందుకున్నది. నాకు అది చాలు.

ఇప్పుడు మీకు ఒక పని. మీ క్రికెట్ బ్యాటు, వంటింట్లో గరిటె, ఇంట్లో చీపురు, వీటిని ఒక్కొక్కటిగా వేలు మీద నిలిపి, ఏది ఎక్కడ నిలిచిందో కొలిచి కాగితం మీద వ్రాసుకోండి. ఏది తిప్పడానికి తేలికో ముందుగా ఊహించి, తరువాత తిప్పి చూడండి. మీ ఊహ తప్పితే సిగ్గుపడకండి. ఎందుకు తప్పిందో నాకు వ్రాయండి.

మీ మాస్టారు