బతకడం హక్కు, జెర్సీ కాదు

2017 మార్చిలో బ్రెజిల్‌లోని వర్జీన్యా పట్నానికి చెందిన బోవా ఎస్పోర్ట్ అనే ఫుట్‌బాల్ క్లబ్బు కొత్త గోల్‌కీపర్‌ను తెచ్చుకుంది. అతని పేరు బ్రూనో ఫెర్నాండెజ్. 2009లో ఫ్లమెంగో జట్టు జాతీయ చాంపియన్ అయినప్పుడు గోల్ కాసినవాడు. ఆ మరుసటి ఏడాదే అతని బిడ్డను కన్న ఎలిజా సముదియో అనే యువతి మాయమైంది. ఆమె హత్య కేసులో 2013లో కోర్టు అతనికి 22 ఏళ్ల 3 నెలల శిక్ష వేసింది. శవం దొరకనే లేదు. పసివాణ్ని అమ్మమ్మ పెంచింది. అప్పీలు తేలడానికి ఏళ్లు పడుతోందని ఒక న్యాయమూర్తి బ్రూనోను బయటికి వదిలితే, వారాలు తిరక్కుండానే క్లబ్బు అతని చేతికి గ్లవుజులు తొడిగింది. స్పాన్సర్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు. క్లబ్బు మాత్రం చలించలేదు. తప్పు చేసినవాణ్ని సమాజం తిరిగి కలుపుకోవద్దా, పని ఇవ్వడం కూడా నేరమేనా అని ఎదురు వాదించింది. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ధర్మాసనం అతన్ని మళ్లీ జైలుకు పంపడంతో అప్పటికి ఆ ముచ్చట ముగిసింది.

పని ఇవ్వడం నేరం కాదు. శిక్ష అనుభవించి వచ్చిన మనిషికి కూడు, గూడు, గౌరవంగా చేసుకునే పని దొరకాలి. అందులో మాకు రెండో మాట లేదు. కానీ హత్య, అత్యాచారం, స్త్రీల మీదా పిల్లల మీదా తీవ్రమైన దాడి చేసినట్టు రుజువైన ఆటగాడు మళ్లీ వృత్తి క్రీడాకారుడిగా జెర్సీ వేసుకోకూడదు. క్లబ్బు తరఫునా వద్దు, రాష్ట్రం తరఫునా వద్దు, దేశం తరఫున అసలే వద్దు. వీటికంటే చిన్న హింసా నేరాల్లో తిరిగి రానివ్వవచ్చు. అదీ షరతుల మీదే.

ఇది కక్షసాధింపు అనేవారుంటారు. సంస్కరణ అన్న భావన మనకు ఎక్కడి నుంచో అరువు వచ్చింది కాదు. 1977లో ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన గియాసుద్దీన్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, శిక్ష మనిషిని బాగుచేయాలి తప్ప చితక్కొట్టకూడదని గట్టిగా చెప్పారు. తెలంగాణ జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకుల్లో ఖైదీలు పనిచేస్తారు. చంచల్‌గూడ దగ్గర బండి ఆపి ట్యాంకు నింపించుకునేవాళ్లు పైపు పట్టుకున్న మనిషి నేరమేమిటని అడగరు. మీటరు సున్నా చూసుకుంటారు, డబ్బిస్తారు, పోతారు. రెండో అవకాశం అంటే మా దృష్టిలో అది. అక్కడ చప్పట్లుండవు. పిల్లలు ఆటోగ్రాఫ్ కోసం ఎగబడరు.

జెర్సీ సంగతి వేరు. దాని వెనక పేరు రాసి ఉంటుంది. అదే పేరున్న చిన్న సైజు చొక్కా కొనిపెట్టమని పిల్లలు మారాం చేస్తారు. ఆటగాడికి కోట్లలో జీతం వచ్చేది బంతి తన్నినందుకే కాదు, ఆ చొక్కాలు అమ్ముడుపోతున్నందుకు కూడా. జనాభిమానాన్ని జీతంలో కలిపి పుచ్చుకుంటున్నప్పుడు, నా పని నేను చేసుకుంటున్నాను, మిగతాది మీకెందుకు అంటే చెల్లదు.

స్కాట్లాండ్‌లో రెయిత్ రోవర్స్ క్లబ్బుకు ఈ సంగతి ఆలస్యంగా తలకెక్కింది. డేవిడ్ గుడ్‌విల్లీ అనే ఆటగాడిపై అత్యాచారం ఫిర్యాదు వస్తే క్రిమినల్ కేసు ముందుకు సాగలేదు. బాధితురాలు సివిల్ కోర్టుకు వెళ్లింది. అతనూ సహచరుడూ అత్యాచారం చేశారని 2017లో కోర్టు తేల్చి, లక్ష పౌండ్ల పరిహారం కట్టమంది. 2022 జనవరి ఆఖరులో రెయిత్ రోవర్స్ అతన్ని చేర్చుకుంది. చొక్కా మీద పేరు వేయించుకునే నవలా రచయిత్రి వాల్ మెక్‌డెర్మిడ్ తన స్పాన్సర్‌షిప్ వెనక్కి తీసుకున్నారు. మహిళల జట్టు కెప్టెన్ క్లబ్బు వదిలి వెళ్లిపోయింది. కొద్ది రోజుల్లోనే క్లబ్బు క్షమాపణ చెప్పి, అతన్ని ఆడించబోమంది. ఇక్కడ మనం గమనించాల్సింది ఆ కెప్టెన్‌నే. ఒక మగవాడికి రెండో అవకాశం ఇవ్వాలని క్లబ్బు తలపెడితే, ఏ తప్పూ చేయని ఒక ఆడపిల్ల తన మొదటి అవకాశాన్ని వదులుకోవాల్సి వచ్చింది. ఈ లెక్క ఎవరూ వేయరు.

మన దగ్గర ఇంత దూరం కూడా రాలేదు. ఇక్కడ రెండో అవకాశం శిక్ష కంటే ముందే వచ్చేస్తుంది. 1988 డిసెంబరులో పటియాలా రోడ్డు మీద జరిగిన గొడవలో దెబ్బలు తిని 65 ఏళ్ల పెద్దాయన చనిపోయారు. ఆ కేసులో నవజ్యోత్ సింగ్ సిద్ధూ ముద్దాయి. కేసు నడుస్తుండగానే దేశం తరఫున క్రికెట్ ఆడాడు, టీవీల్లో నవ్వించాడు, ఎంపీ అయ్యాడు. 2018లో సుప్రీంకోర్టు వెయ్యి రూపాయల జరిమానాతో సరిపెట్టింది. మృతుడి కుటుంబం పట్టు వదలకుండా పునస్సమీక్ష కోరితే, 2022 మేలో ఏడాది జైలు పడింది. ఘటనకూ శిక్షకూ నడుమ 33 ఏళ్లు! ఆ తీర్పులో కోర్టు అన్న మాట క్రీడాధికారులు ఫ్రేమ్ కట్టి గోడకు పెట్టుకోదగింది. బాక్సరో, మల్లయోధుడో, క్రికెటరో, బాగా దేహదారుఢ్యమున్న మనిషో కొడితే ఆ చెయ్యే ఆయుధం కాగలదని కోర్టు చెప్పింది. ఆటగాడి శరీరానికి ఆ బలం ఇచ్చింది ప్రజల సొమ్ముతో నడిచే శిబిరాలు, స్టేడియాలు. కాబట్టి అతని బాధ్యత మామూలు మనిషి కంటే ఒక పాలు ఎక్కువే.

తర్వాత సుశీల్ కుమార్. 2008 బీజింగ్‌లో కాంస్యం, 2012 లండన్‌లో రజతం తెచ్చిన మల్లయోధుడు. 2021 మే 4 రాత్రి ఢిల్లీ ఛత్రసాల్ స్టేడియం దగ్గర జరిగిన దాడిలో జూనియర్ జాతీయ మాజీ చాంపియన్ సాగర్ ధన్‌ఖడ్ ప్రాణాలు కోల్పోయాడు. అదే స్టేడియంలో కుర్రాళ్లు సుశీల్‌ను చూసి కుస్తీ నేర్చుకున్నారు. 2022 అక్టోబరులో సుశీల్ మీద కోర్టు హత్య అభియోగాలు నమోదు చేసింది. నేరం ఇంకా రుజువు కాలేదు, కాబట్టి అతన్ని హంతకుడని మేం అనం. 2025 మార్చిలో హైకోర్టు ఇచ్చిన బెయిలును ఆగస్టులో సుప్రీంకోర్టు రద్దు చేసింది. సాక్షులు ఎదురుతిరిగిన తీరు కూడా ఆ నిర్ణయానికి ఒక కారణం.

నిజామాబాద్, ఆదిలాబాద్ పల్లెల జాతరల్లో కుస్తీ చూసినవారికి ఒకటి తెలుసు. కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండి కడియం కుస్తీతో ముగిసే దాకా ఎన్ని జోడీలు దిగినా, ఎదుటివాడి వీపు మట్టికి తగిలిన క్షణాన పట్టు వదిలేయాలి. ఆ తర్వాత ఒక్క దెబ్బ పడినా ఊరు ఊరుకోదు. డప్పు ఆగిపోతుంది, పెద్దలు బరిలోకి దిగుతారు. కోట్ల రూపాయల లీగులకు ఈ పాటి కట్టుబాటు లేదు.

మా పాఠకుల్లో మాహూర్, కిన్వట్ వైపు తెలుగువారూ, ఏటా సరిహద్దు దాటి రేణుకామాత గట్టెక్కి తాంబూలం ప్రసాదం తెచ్చుకునే ఆదిలాబాద్ వారూ ఉన్నారు. 1956కు ముందు కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ జిల్లాలోదే. క్షమ గురించి మాట్లాడాల్సి వస్తే ఆ కొండ మీది కథ కంటే కఠినమైనది మరొకటి లేదు. తండ్రి మాట మీద తల్లి తల నరికిన కొడుకు పరశురాముడు. కోరుకో అని జమదగ్ని అంటే, మహాభారతం చెప్పిన వరుస ఇదీ: మొదట తల్లి బతకాలి. చంపిన సంగతి ఆమెకు గుర్తుండకూడదు. తనకు ఆ పాపం అంటకూడదన్నది ఆ తర్వాత. యుద్ధంలో ఎదురులేని బలం, దీర్ఘాయువు ఆఖరున. రెండో అవకాశం ముందు దక్కింది రేణుకకే. పోయిన ప్రాణం తిరిగొచ్చింది గనకే కొడుకుకు విముక్తి దొరికింది. బోవా ఎస్పోర్ట్ వంటి క్లబ్బులు ఈ వరుసను తలకిందులు చేసి, ఆఖరి వరాన్ని మొదట అడుగుతున్నాయి: ముందు గోల్ కాయనివ్వండి, మిగతాది తర్వాత చూద్దాం అంటున్నాయి. తెలంగాణలో చెప్పుకునే రేణుకా ఎల్లమ్మ కథలో మరో ప్రాణం కూడా పోతుంది. ఆశ్రయమిచ్చిన పాపానికి మాతంగి తల కూడా తెగుతుంది. బాధితురాలి పక్కన నిలబడినవాళ్లకు ఏమవుతుందో మన జానపదులకు ఎప్పుడో తెలుసు. సాక్షులు ఎందుకు ఎదురుతిరుగుతారని అమాయకంగా అడిగేవాళ్లు ఆ కథ మళ్లీ వినాలి.

క్షమించే అధికారం ఎవరిదన్నదే అసలు ప్రశ్న. అభిమానులు క్షమించేశామంటారు, కోచ్ కుర్రాడు మారాడంటాడు, యజమాని పెద్ద మనసు చాటుకుంటాడు. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టుంది ఈ ఉదారత. కొడుకు పోయినవాళ్లను, ఒళ్లు హూనమైన మనిషిని ఎవరూ అడగరు.

మా వాదనకు అసలు చిక్కు వేరే చోట ఉంది. కోర్టులు పొరపడతాయి. వేల్స్ ఆటగాడు చెడ్ ఎవాన్స్‌కు 2012లో అత్యాచారం కేసులో ఐదేళ్ల శిక్ష పడింది. 2014లో బయటికొచ్చినప్పుడు పాత క్లబ్బు షెఫీల్డ్ యునైటెడ్ అతన్ని శిక్షణకు రానిస్తే, కాంట్రాక్టు కూడా ఇచ్చేట్టయితే స్టేడియం స్టాండుకున్న తన పేరు తీసేయమని ఒలింపిక్ చాంపియన్ జెస్సికా ఎనిస్-హిల్ హెచ్చరించింది. 2016లో ఆ శిక్ష రద్దయి, పునర్విచారణలో అతను నిర్దోషిగా తేలాడు. బార్సిలోనా మాజీ ఆటగాడు డానీ అల్వెస్‌కు 2024లో పడ్డ శిక్షను కూడా మరుసటి ఏడాది పైకోర్టు కొట్టేసింది. అందుకే మేం చెప్పే నిషేధం తుది తీర్పు మీద నిలబడాలి, టీవీ చర్చల మీద కాదు. నిర్దోషి అని తేలిన రోజునే ఆటగాడికి జెర్సీతో పాటు ఆగిన జీతమూ తిరిగి రావాలి. గుసగుసల ఆధారంగా తలుపులు మూయడం మరో రకం అన్యాయం.

మరి తుది తీర్పు వచ్చేదాకా? దీనికి కొత్తగా బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ గుమాస్తా 48 గంటలకు మించి కస్టడీలో ఉంటే సస్పెండైనట్టే లెక్క. నేరం రుజువైతే రాజ్యాంగం 311వ అధికరణ కింద విచారణ కూడా లేకుండా తొలగించవచ్చు. రెండేళ్లో అంతకు మించో శిక్ష పడిన ఎమ్మెల్యే పదవి పోగొట్టుకుని, విడుదలయ్యాక మరో ఆరేళ్లు పోటీకి దూరంగా ఉంటాడు. వాళ్ల బతుకు హక్కు హరించామని ఎవరూ ఏడవలేదు. ఒకప్పుడు మన ఆటగాళ్లకూ ఈ కట్టుబాటు ఉండేది. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు, కోచ్ రహీం సాబ్ తీర్చిదిద్దిన జట్టు, పోలీసు కొలువు నీడన ఎదిగింది. కాంట్రాక్టు ఆటగాడికి ఇప్పుడు ఏ సర్వీసు రూలూ లేదు.

ఫుట్‌బాల్‌లో మన దగ్గర సమస్య కుర్చీల్లోనూ ఉంది. 2024 మార్చిలో గోవాలో మహిళల లీగ్ ఆడటానికి వెళ్లిన ఇద్దరు క్రీడాకారిణులు, హోటల్ గదిలోకి వచ్చి తమను కొట్టాడని ఫిర్యాదు చేసింది వాళ్ల క్లబ్బు నడిపే వ్యక్తి మీద. అతను అప్పట్లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కార్యవర్గ సభ్యుడు కూడా. అరెస్టు జరిగింది, సమాఖ్య సస్పెండ్ చేసింది. రచ్చయ్యాక చేయడం కాదు, ముందే రాసిపెట్టుకున్న నియమం కావాలి. అది ఆటగాడికీ అధికారికీ ఒక్కటే కావాలి.

2025లో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టం చేసింది. దాని కిందైనా, సమాఖ్య సొంత నిబంధనల్లోనైనా ఈ మాటలు చేర్చాలి. తీవ్ర హింసా నేరంలో కోర్టు అభియోగాలు నమోదు చేస్తే, ఆటగాడు మైదానానికి దూరంగా ఉండాలి. ఇల్లు గడిచేంత భత్యం మాత్రం ఇవ్వాలి. ఇలాంటి కేసుల విచారణకు గడువు పెట్టాలి. ఛత్రసాల్ కేసులో బెయిలు రద్దయ్యేనాటికే ఘటన జరిగి నాలుగేళ్లు దాటింది. 35 ఏళ్లకు ముగిసే వృత్తిలో అంత జాప్యం నిర్దోషికీ శాపమే. కొట్లాట, తాగి బండి నడిపి ప్రమాదం చేయడం వంటి నేరాల్లో శిక్ష పూర్తయినవాణ్ని తీసుకోవాలంటే, కోర్టు విధించిన పరిహారం చివరి రూపాయి దాకా కట్టి ఉండాలి. బాధిత కుటుంబాన్ని ముందు విని ఉండాలి. వాళ్లు వద్దంటే ఆ అభ్యంతరాన్ని కాదని ఎందుకు తీసుకుంటున్నామో క్లబ్బు అందరికీ తెలిసేలా రాసి ప్రకటించాలి. ఆ కాగితం మీద కోచ్ సంతకం చాలదు, యజమాని సంతకం ఉండాలి.