పని విద్యకు ‘ఎ’ గ్రేడు

చింతకింది మల్లేశం గురించి మా బడుల్లో చెప్పని పంద్రాగస్టు లేదు. ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఆలేరు దగ్గరి శారాజీపేట ఆయనది. ఆసు పోసీ పోసీ తల్లి లక్ష్మికి భుజాలు పడిపోతుంటే చూడలేక, ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. ఆసు పోయడమంటే, రంగు అంటకుండా చిటికి (ముడి) కట్టేముందు నూలును కొయ్యల చుట్టూ తిప్పే పని. ఒక్కో చీరకు నాలుగైదు గంటలు పట్టేది గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇంతవరకు చెప్పి చప్పట్లు కొట్టిస్తాం. చదువు మధ్యలో ఆగిపోయినా సాధించాడని కూడా అంటాం. చివరిదాకా బడిలోనే ఉన్న పిల్లల్లో ఎందరికి అలాంటి ఊహ పుట్టించామని మాత్రం ఏ టీచరూ పక్క టీచరును అడగడు. అడిగితే తననూ అడుగుతారు కదా.

బడిలో చేతిపని నేర్పాలన్న ఆలోచనే మనకు లేదనడానికి వీల్లేదు. ఇంగ్లండు 1990లో ‘డిజైన్ అండ్ టెక్నాలజీ’ని అయిదేళ్ల పిల్లల నుంచే సబ్జెక్టుగా పెట్టింది. అంతకు అర్ధశతాబ్దం ముందే, 1937లో, వార్ధా విద్యా సభ తర్వాత జాకిర్ హుస్సేన్ కమిటీ చదువంతా ఒక చేతిపని చుట్టూ నడవాలంది. ఆ జాకిర్ హుస్సేన్ పుట్టింది మన హైదరాబాదులోనే. మా రికార్డుల్లోనూ ‘పని, కంప్యూటర్ విద్య’ అని ఒక గడి ఉంది. దాన్ని మేము ఎలా నింపామో చెప్పాలి. తెలుగు, లెక్కల మార్కులు చూసి, వాటికి తగ్గట్టు ఒక గ్రేడు వేశాం. బాగా చదివే పిల్లకు ‘ఎ’. ఆ పిల్ల ఏడాదంతా బడిలో కత్తెర పట్టుకుని ఉండదు. తనిఖీకి వచ్చినవాళ్లు గడి నిండిందా లేదా చూశారు. నిండే ఉంది.

పని విద్య పీరియడును లెక్కలకు వాడుకున్నాం. అయిదు తరగతులకు ఇద్దరే టీచర్లున్నప్పుడు ఏం చేస్తామన్నాం. అదీ నిజమే. టీచర్లు చాలినంత మంది ఉన్న బడుల్లోనూ అదే జరిగింది కాబట్టి ఆ సాకు సగమే నిలుస్తుంది.

ఇంకో మాట ఒప్పుకోకపోతే అన్యాయం. పిల్లల చేతిలో పనిముట్టు చూస్తే మాకు భయం పుట్టడానికి కారణం ఉంది. గుంట మగ్గాల పక్కన, పత్తి చేలల్లో పిల్లల బాల్యం కరిగిపోతుంటే, వాళ్లను పనిలోంచి లాగి బడిలో కూర్చోబెట్టడానికి 1990లలో ఎం.వి. ఫౌండేషన్ లాంటివాళ్లు ఊరూరా తిరిగారు. చేయాల్సిన పనే చేశారు. వాళ్లు కూలిని మాన్పిస్తే మేము పనినే బడి గడప దాటనివ్వలేదు. రెండూ ఒకటేననుకోవడం మాకు సుఖంగా ఉండింది.

మా పద్మశాలి ఇళ్లలోనూ అంతే. పిల్లాడు రాట్నం దగ్గరికొస్తే “నీకెందుకురా ఇది, పోయి చదువుకో” అన్నాం. ప్రేమతోనే అన్నాం, మగ్గం మీద మేము పడ్డది వాడు పడొద్దని. కానీ పోచంపల్లి, పుట్టపాకల్లో అదే ఇంట్లో గళ్ల కాగితం మీద డిజైను గీస్తారు, గడిగడికీ పోగులు లెక్క కడతారు, ఎక్కడ చిటికి కట్టాలో గుర్తు పెడతారు. బడిలో సౌష్ఠవం పాఠానికి మేము బోర్డు మీద సీతాకోకచిలుక గీశాం. నేతగాళ్ల పిల్లలే ఎదురుగా కూర్చుని దాన్ని నోట్సులో దించుకున్నారు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వస్తే జనరల్ నాలెడ్జి ప్రశ్నగా బట్టీ పట్టించాం.

ప్రాజెక్టు పని ఇచ్చాం కదా అంటారు. ఇచ్చాం. దాన్ని తండ్రి జెరాక్సు షాపులో ప్రింటు తీయించాడు, అక్క చార్టు మీద అంటించింది. థర్మోకోల్ ఇల్లు దుకాణంలో తయారుగానే దొరికింది. కొన్నదని మాకు తెలుసు, మాకు తెలుసని వాళ్లకూ తెలుసు. వంకరగా ఉన్నా సొంతంగా చేసుకొచ్చిన పిల్లాడికి, నీటుగా లేదని రెండు మార్కులు తగ్గించాం.

మా జిల్లా పేరుతో ప్రపంచానికి తెలిసిన సాంకేతికత ఒకటుంది. నీటిలో ఫ్లోరైడు తగ్గించడానికి నాగపూర్ నీరి సంస్థ 1970లలో రూపొందించిన ‘నల్గొండ టెక్నిక్’. నీళ్లలో సున్నం, పటిక కలపాలి, తిప్పాలి, తేరనివ్వాలి, పైనీళ్లు వంచుకోవాలి. టాంజానియా, ఇథియోపియాల్లోనూ ఈ పేరే. ఫ్లోరైడు ఎంత తగ్గిందో కొలవడం ప్రాథమిక బడిలో కుదరదు, సరే. పటిక వేస్తే బురదనీళ్లు ఎలా తేరుతాయో చూపడానికి రెండు బకెట్లు చాలు. ఫ్లోరోసిస్‌తో కాళ్లు వంకరపోయిన మనుషులు బడి ముందునుంచే నడిచిపోతున్నా ఆ రెండు బకెట్లు పెట్టలేదు. ఇప్పుడు ఇంటింటికీ మిషన్ భగీరథ నల్లా వచ్చింది, ఇక ఆ ప్రశ్నే లేదనుకుంటున్నాం.

మీ ఇంట్లో చిన్న తరగతుల పిల్లలుంటే ప్రోగ్రెస్ కార్డు తీసి పని విద్య గ్రేడు చూడండి. ఆ ఏడాది బడిలో తమ చేత్తో ఏం తయారుచేశారో అడగండి. జవాబు రాకపోతే ఆ కార్డు పట్టుకుని మా దగ్గరికి రండి. దాని మీద మా సంతకంతోపాటు మీదీ ఉంటుంది.